పేరు మీద ఊపిరి

వెల్దుర్తి నుంచి వచ్చిన పెద్దమనిషి గేటు దగ్గరే నిలబడి, "మీ నాయన లేడా అబ్బాయ్?" అని అడిగాడు. అడిగింది కాలేషా మామని. కాలేషా మామకి అప్పటికి యాభై దాటాయి.

"నేనేనయ్యా కాలేషాని," అన్నాడు మామ, లేచి నిలబడి.

పెద్దమనిషి నవ్వబోయి ఆగిపోయాడు. మామ మొహంలోకి తేరిపార చూశాడు. నుదుటి మీద ఒక్క గీత లేదు. కళ్ళ పక్కన ముడత లేదు. ముక్కు మీదా బుగ్గల మీదా చర్మం బిగదీసుకుపోయి, నూనె రాసిన రాయిలాగా ఎండకి మెరుస్తోంది. నెరిసిన జుట్టేమో తలగుడ్డ కింద ఉంది.

"మా తమ్ముడి సమాధి రాయి నీ దగ్గరే చెక్కించా. అప్పుడు నీకు ఇంతకంటే ఎక్కువ వయసుండాలే," అన్నాడాయన. అని రెండడుగులు వెనక్కి వేశాడు. ఏ పని మీద వచ్చాడో కూడా చెప్పకుండా పోయాడు.

"చూశావంట్రా శెట్టీ. ముసలాణ్ణయ్యే కొద్దీ వయసు తగ్గుతా ఉంటే బేరాలు కూడా పోతన్నయ్," అన్నాడు మామ నాతో. నవ్వాడనే అనుకుంటాను. గొంతులో నవ్వుంది, మొహంలో లేదు. ఆ మొహం నవ్వడం మానేసి అప్పటికి చానాళ్ళయింది.

ఇది ఎనభై నాలుగులో మాట. నరసరావుపేటలో సత్తెనపల్లి రోడ్డు మీద మాకు ఇనప సామాను కొట్టు ఉంది. కొట్టు వెనక గోడకి అవతల కాలేషా మామ పెరడు, ఆ పెరటి గోడకి అవతల సాయిబుల సమాధులుండే ఖబరస్తాన్. నేను బీయస్సీ మధ్యలో మానేసి కొట్లో కూర్చున్నాను. అక్కడా కుదురుగా కూర్చోబుద్ధి కాక, రోజూ గోడ దూకి మామ పెరట్లోకి పోయేవాణ్ణి. మామ నన్ను శెట్టీ అనేవాడు. ఆయన ఉలులకి ఉక్కు మా కొట్లోనే కొనేవాడు.

మామ రాళ్ళ మీద పేర్లు చెక్కేవాడు. ఎక్కువగా సమాధి రాళ్ళు, అప్పుడప్పుడు బడికో గుడికో దాతల పేర్లు. పెరటి గోడ పొడుగునా రాళ్ళు ఆనించి ఉండేవి. కొన్నిటి మీద పేరు పూర్తయి ఉండేది, కొన్నిటి మీద సగమే ఉండేది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే సగం పేర్లే ఎక్కువ కొట్టొచ్చినట్టు కనపడేవి. ఆ మనుషులు నోరు తెరిచి మాట మధ్యలో ఆగిపోయినట్టు ఉండేది నాకు.

ఆ ఇంటికి ఒక పద్ధతి ఉంది. చెక్కేటప్పుడు అక్షరం గాడిలో పొడి నిండుతుంది. అది తీస్తేగాని ఉలి ఎంత లోతు దిగిందో తెలియదు. ఎవరైనా చీపురుపుల్లలతోనో తడిగుడ్డతోనో తీస్తారు. ఇక్కడ అది తప్పు. పోయినవాళ్ళ పేరు మీద చీపురు పడకూడదు. నీళ్ళు పడితే, ఆఖరి స్నానం చేయించి పంపిన మనిషిని మళ్ళీ లేపి స్నానం చేయించినట్టు. అందుకని రాయికి మొహం ఆనించి నోటితో ఊదాలి. "ఊపిరి ఆగినోడి పేరుకి మన ఊపిరి కాస్త పోస్తేనే అది రాయి మీద నిలబడుద్ది," అని మామకి వాళ్ళ నాయన నాగూర్ వలి చెప్పాడట.

ఊదడం సరే. ఊదినవాడు మళ్ళీ పీల్చాలి గదా. ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు.

నాగూర్ వలి దగ్గి దగ్గి పోయాడు. మామ అన్న కూడా అట్లాగే పోయాడు. టీబీ అన్నారు, సూదులు పొడిచారు. నాగూర్ వలికి ఆఖరి స్నానం చేయించేటప్పుడు వేళ్ళు ఎంత లాగినా విచ్చుకోలేదట. మొహం మాత్రం పెళ్ళికొడుకు మొహంలా నున్నగా ఉందట. చూసిన ఆడవాళ్ళు పుణ్యాత్ముడని చెప్పుకున్నారు. మామ ఈ మాట నాకు గర్వంగానే చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన వేళ్ళు కూడా సగం ముడుచుకునే ఉన్నాయి.

మామకి ఒక్కతే కూతురు, జీనత్. తల్లి చిన్నప్పుడే పోతే ఆ రాళ్ళ మధ్యనే పెరిగింది. ఇరవై ఏళ్ళకే తండ్రిని మించిన చెయ్యి. తెలుగు రాసినా ఉర్దూ రాసినా అచ్చు పోసినట్టు ఉండేది. మామ వేళ్ళు వంగనని మొరాయించాక సన్నపనంతా ఆమే చేసేది. రాయి మీదికి వంగి, కళ్ళు మూసుకుని, 'హూ' అని ఊదేది. మా కొట్లో మేకులు తూస్తుంటే గోడ అవతల నుంచి ఉలి చప్పుడు, ఆ వెనక ఆ ఊపిరి వినిపించేవి. టక్కు టక్కు, హూ. ఖబరస్తాన్ పక్క నుంచి ఆ చప్పుడు విన్నవాళ్ళు గబగబా నడిచిపోయేవాళ్ళు.

మామ వేళ్ళ చివర చిన్న పుండ్లు పడేవి. వాటిలోంచి తెల్లటి ముక్కలు బయటికొచ్చేవి, సుద్దముక్క విరిగినట్టు. చీము కాదు, గట్టి ముక్కలు. గోటితో కొడితే టిక్కుమనేవి. వాటిని ఖాళీ జర్దా డబ్బాలో వేసి, "లోపలికి పోయిందంతా ఇట్టా బయటికొస్తంది," అనేవాడు. చలి పొద్దున వేళ్ళు ముందు తెల్లబడేవి, తర్వాత నీలంగా అయ్యేవి, చానాసేపటికి ఎర్రబడేవి. తెల్లబడ్డప్పుడు పట్టుకుంటే శవం చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది. నేను పట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

ఆ ఏడు వానలు వెనకపట్టాక ఒకావిడ మా కొట్టుకి వచ్చింది. పేరు డాక్టర్ ధనలక్ష్మి. గుంటూరులో పెద్ద డాక్టరీ చదువుతోంది. మన ఒంటికి కాపలా కాయాల్సిన తెల్లకణాలు మన కీళ్ళ మీదా చర్మం మీదా ఎందుకు తిరగబడతాయి అన్నది ఆమె పరిశోధన. రాతిపని వాళ్ళలో ఇది ఎక్కువని ఎక్కడో చదివి ఊళ్ళు తిరుగుతోంది.

"ఇక్కడ రాతిపని చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"ఉన్నాడండీ. ఆయనే రాయవుతున్నాడు, చూస్తారా?" అన్నాను.

ఆమె మామ చేతిమీది చర్మం రెండు వేళ్ళతో ఎత్తబోయింది. ఎత్తడానికి రాలేదు. నోరు తెరవమంది. ముద్ద పట్టేంత కూడా తెరుచుకోలేదు. వీపుకి గొట్టం పెట్టి వింది. నాకూ వినిపించింది, కొత్త చెప్పులు కిర్రుమన్నట్టు. ఇవన్నీ ఆమె మామూలుగానే రాసుకుంది. అప్పుడు పక్కన జీనత్ రాయి మీదికి వంగి ఊదింది. డాక్టరమ్మ కలం ఆగింది.

"ఆ అమ్మాయి ఏం చేస్తోంది?" అంది.

మామ పద్ధతంతా చెప్పాడు, నాయనా అన్నా పోయిన తీరు కూడా చెప్పాడు. ఆమె విని, కాగితంలో కాస్త రాతిపొడి పొట్లం కట్టుకుంది. మామ చేతినుంచి నెత్తురు తీయడానికి తంటాలు పడింది. సూది చర్మంలోకి దిగలేదు. చివరికి మోచేతి మడతలో ఎక్కడో దొరికింది.

ఊళ్ళో తెలిసిన డాక్టరు ఒకాయన ఆమెకి మైక్రోస్కోపున్న గది వాడుకోమని ఇచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం మమ్మల్ని ముగ్గుర్నీ రమ్మంది. నెత్తురు నిలబెడితే పైకి తేలిన తెల్లపొర తీసి, గాజు పలక మీద వేసి, అట్టపెట్టెలో టేబుల్ లైటు వెలిగించి దాంట్లో వెచ్చగా పెట్టింది. ఆ పొర మీద మామ పెరటి రాతిపొడి చిటికెలో పదో వంతు వేసింది.

"చూడండి కాలేషా గారూ. ఇవి మీవే, ఇంకా బతికున్నాయి," అంది.

మామ ఒక కన్ను మూయలేడు. రెప్ప ముడుచుకోదు. నేను అరచెయ్యి అడ్డం పెట్టాను. ఆయన చానాసేపు చూశాడు. తర్వాత నేనూ చూశాను. గాజు మీద ఒక మెత్తటి మరక లాంటిది పాకుతోంది. దానికి కళ్ళు లేవు గానీ ఎటు పోవాలో తెలుసు. చురుగ్గా అంచులున్న చిన్న రాతిరవ్వ దగ్గరికి పోయి, దాన్ని చుట్టుకుని, లోపలికి తీసుకుంది. అంతే, పాకడం ఆపింది.

కాసేపాగి డాక్టరమ్మ ఒక చుక్క నీలిరంగు వేసింది. "బతికున్న కణం ఈ రంగుని లోపలికి రానివ్వదు. చచ్చినదాంట్లోకే పోతుంది," అంది.

మామ మళ్ళీ చూశాడు. "నీలంగా అయిందమ్మా," అన్నాడు.

"అవును."

"పోయినట్టేనా?"

"పోయినట్టే."

"మరి దీనికి ఫాతెహా చదవాల్నా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "ఒంట్లో రోజుకి కోట్ల కణాలు పోతుంటాయి కాలేషా గారూ," అంది.

"పోతే పోనీ. ఇది నా కళ్ళముందర పోయింది గదమ్మా," అన్నాడు మామ. పెదాలు మాత్రం కదిలాయి. పోయినవాళ్ళ కోసం చదివే ఆ ప్రార్థన ఆ కణానికే చదివాడు.

తర్వాత ఆమె విడమరిచి చెప్పింది. ఊపిరితిత్తుల్లో దుమ్ము పడితే ఈ కణాలు మింగి బయటపడేస్తాయి. రాతిరవ్వని మాత్రం అరిగించుకోలేవు. పగిలి చస్తాయి. రవ్వ బయటపడుతుంది, ఇంకొకటి వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. చచ్చేటప్పుడు తోటివాటిని కేకేసి పోతాయి. ఏళ్ళ తరబడి ఆ కేకలు ఆగకపోతే ఒంటికి పిచ్చెక్కుతుంది. శత్రువెవరో సొంతవాడెవరో తెలియక తన చర్మాన్నే బిగించుకుంటుంది. వేళ్ళలోంచి వచ్చే ముక్కలు రాతిపొడి కావు, మామ ఒళ్ళు తయారు చేసుకున్న సున్నం.

"రాళ్ళు కొట్టే అందరికీ ఇట్లా అవదు. కొందరికే ఎందుకో మాకు తెలియదు. నేను తిరిగేది అందుకే," అంది.

"నా సంగతి వొదిలెయ్యమ్మా. పిల్ల సంగతి చెప్పు," అన్నాడు మామ.

"మీ నాన్నకీ అన్నకీ వచ్చింది కూడా ఇదే కావచ్చు. అదే నిజమైతే మీ నెత్తురులోనే ఏదో ఉంది. ఆమె ఊదడం ఆపాలి. ఇవాల్టి నుంచే."

జీనత్ ఊరుకోలేదు. "ఊదకపోతే ఎట్టా చెక్కేది? పేరు మీద చీపురేశారని తెలిస్తే మా రాయి ఎవరు తీసకపోతారు డాక్టరమ్మా?"

"నువ్వు గమ్మునుండవే," అన్నాడు మామ.

అటునుంచి అటే మసీదుకి పోయాం. ఖననాల దగ్గర నమాజు చదివించేది ఇమాం సాహెబ్ అనే పెద్దాయన. మామ చెప్పిందంతా విని, "పేరు మీద నీళ్ళు పడితే తప్పని నీకెవరు చెప్పారు కాలేషా?" అన్నాడు.

"మా నాయన."

"ఆయనకి?"

"ఆయన నాయన."

"ఏ కితాబులో లేదది. వానొస్తే ఆ పేర్లన్నీ తడవట్లా? ఏం గొడుగులు పట్టావా వాటికి?"

మామ చెప్పులేసుకోవడం కూడా మరిచి రోడ్డెక్కాడు. దారిలో ఒక్కమాటే అన్నాడు. "అయితే మా నాయన దేనికోసం పోయినట్టురా?"

నాకు ఓదార్చడం చేతకాదు. "మీ మొదటి తాతకి నీళ్ళు మోసే ఓపిక లేకపోయుంటది మామా," అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా మొహంలో తెలిసేది కాదు.

మర్నాడు జీనత్ రాయి మీద నీళ్ళు పోసి చెక్కబోయింది. చెక్కబోయే ముందు జాజుమట్టితో గీసుకున్న అక్షరాల గీతలన్నీ ఎర్రగా కరిగి కారిపోయాయి. పేరంతా నెత్తురు మాదిరి కిందికి జారి, రాయి మీద ఏమీ మిగల్లేదు. "ఇదీ అసలు సంగతి," అంది జీనత్. "గీత పోకుండా నీళ్ళొద్దన్నారు. దానికి ఇంత కథల్లారు." ఆ తర్వాత మేకుతో గీరి గీతలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. పని నెమ్మదించింది గానీ ఆగలేదు.

ఊపిరి మాత్రం ఆగలేదు. మామ మసీదుకి పోయినప్పుడు గోడ అవతల నుంచి నాకు వినిపించేది. టక్కు టక్కు, హూ. ఒకసారి గోడెక్కి చూశాను. జీనత్ తడిరాయి మీదికే వంగి ఊదుతోంది. అక్కడ పొడే లేదు.

"ఏందే, మళ్ళీ మొదలెట్టావా?" అన్నాను.

ఉలిక్కిపడింది. "నాకు తెలీకుండానే నోరు పోద్దిరా. ఊదకపోతే ఆ పేరు నా వంక చూస్తన్నట్టుంటది," అంది. "నాయనకి చెప్పబాక."

చెప్పాను. దాచడం నావల్ల కాదు. అప్పటినుంచి మామ తడిగుడ్డ ఆమె నోటికీ ముక్కుకీ కట్టి, ఎదురుగా కూర్చుని కాపలా కాసేవాడు. ఆయన రెప్ప సరిగా పడదు. పొద్దస్తమానం ఆ కళ్ళు కూతురి నోటిమీదే తెరుచుకుని ఉండేవి.

జనవరిలో మంచు బాగా పడింది. ఒక పొద్దున జీనత్ చేతులు దుప్పట్లో పెట్టుకుని బయటికి తీయలేదు. టీ గ్లాసు నేనిస్తే కిందపెట్టమంది. మామకి అర్థమైంది. నన్ను గుంటూరు పోయి డాక్టరమ్మని తీసుకురమ్మన్నాడు.

ఆమె వచ్చి, సోడా కొట్టు నుంచి ఐసు తెప్పించమంది. రంపపుపొట్టు కడిగి, సత్తుగిన్నెలో నీళ్ళుపోసి ఐసు వేశాం. "చేతులు ముంచు. నేను చెప్పేదాకా తీయొద్దు," అంది. జీనత్ ముంచింది. మామ గిన్నె పక్కన గొంతుక్కూర్చోబోయాడు, మోకాళ్ళు వంగలేదు. నిలబడే వంగి చూశాడు. పెరట్లో ఉలి చప్పుడు లేదు. మామ ఛాతీలో కిర్రుమనే చప్పుడొకటే వినిపించింది.

డాక్టరమ్మ తీయమంది. జీనత్ చేతులు పైకెత్తింది. ఎర్రగా ఉన్నాయి. నేను ఊపిరి వదిలాను. అప్పుడే ఎడమ చేతి చూపుడువేలి చివర తెలుపు మొదలైంది. ఎవరో లోపలినుంచి దీపం ఆర్పినట్టు, కణుపు కణుపుగా కిందికి దిగింది. తర్వాత దాని పక్కవేలు. రెండూ మైనపు వేళ్ళలాగా నిలబడ్డాయి. మిగతావి ఎర్రగానే ఉన్నాయి.

"నాకేం నొప్పి లేదు నాయనా," అంది జీనత్. "అసలక్కడ ఏమీ తెలవట్లా."

"ఉలి పట్టేవాళ్ళకి అదురుకి కూడా ఇట్లా అవుతుంది," అంది డాక్టరమ్మ. "ఇది ఇక్కడితో ఆగిపోవచ్చు. ఆగకపోవచ్చు. నేను అబద్ధం చెప్పను. రాయి దగ్గరుంటే మాత్రం ఆగదు."

ఆ రోజు పెరట్లో ఒక రాయి సగంలో ఉంది. మాబున్నీసా అనే ఆవిడది. నలభయ్యో రోజు ఫాతెహాకి ఇవ్వాలి. మాబున్నీ దాకా అయింది, సా మిగిలింది. "అదొక్కటీ చెక్కి లేస్తా," అంది జీనత్.

"ఇంట్లోకి పో. తలుపేసుకో," అన్నాడు మామ.

ఉలిని తన అరచేతికి గుడ్డపేలికతో కట్టమన్నాడు. కట్టాను. సుత్తి రెండోచేతికి కట్టాను. నన్ను నీళ్ళు పొయ్యమన్నాడు. ఒక్కో దెబ్బకి వేలి చివర పుండు చిట్లి నీళ్ళలో సున్నం తెల్లగా కలిసింది. పొద్దు గూకేదాకా కొట్టాడు. ఒక్కసారి కూడా మొహం రాయి మీదికి వంచలేదు. ఆ సా వంకరగా, చంటిపిల్లల రాతలా వచ్చింది. మాబున్నీసా కొడుకులు వచ్చి ఎత్తుకుపోయారు. ఏమీ అనలేదు. మామ ఉలులన్నీ గోనెసంచిలో వేసి మా కొట్లో పడేశాడు. "కరిగించెయ్యరా, ఇంకొకడికి అమ్మబాక," అన్నాడు.

జీనత్ నెల్లాళ్ళు తండ్రితో మాట్లాడలేదు. తర్వాత నేనే రంగు డబ్బా, కుంచె తెచ్చిచ్చి, మా కొట్టు బోర్డు రాయమన్నాను. రాసింది. అది చూసి బజారంతా వచ్చింది. నిచ్చెనెక్కి బోర్డు రాసే ఆడపిల్లని చూడ్డానికే సగం మంది వచ్చారనుకోండి, పని మాత్రం దొరికింది. రంగులో రాయి లేదు. డాక్టరమ్మని అడిగే మొదలుపెట్టింది.

మరుసటేడు వానల్లో మామ పోయాడు. ఊపిరి తీసుకోవడానికి ఛాతీ లేవలేదు. స్నానం చేయించినవాళ్ళు వేళ్ళు విప్పలేకపోయారు. ఆఖరిసారి మొహం చూపించినప్పుడు నేను వెనక్కి తగ్గాను. నా వయసువాడు పడుకుని ఉన్నట్టుంది. మొహానికి గుడ్డ కప్పిన తర్వాత కూడా ఎవరి ఖననానికి వచ్చానో ఒక్క క్షణం గుర్తు రాలేదు. ఆయన కణాలు కొన్ని గుంటూరులో గాజు పలకల మీద ఇంకా ఉన్నాయి, నీలంగా. డాక్టరమ్మ పరిశోధన అయిపోయింది. కొందరికే ఎందుకన్నది తేలలేదట.

అయినా ఆమె ప్రతి జనవరికీ వస్తుంది. ఐసు తెస్తాను, జీనత్ చేతులు ముంచుతుంది. రెండు వేళ్ళే తెల్లబడుతున్నాయి. మూడోదాని వంక ముగ్గురం చూస్తూ కూర్చుంటాం. ఈ ఏడు అది కాస్త పాలిపోయినట్టు నాకనిపించింది. డాక్టరమ్మ కాదంది. "చావు మొహమేసుకోని చూడబాకరా, గిన్నె తియ్యి," అంది జీనత్.

ఖబరస్తాన్‌లో మామ చెక్కిన పేర్లు వరసలు వరసలుగా ఉన్నాయి. వాటి మధ్య ఆయనది ఒట్టి మట్టిదిబ్బ. తన పేరు ఎవ్వరూ చెక్కొద్దని చెప్పి పోయాడు. పోయిన నెల గోడమీద కూర్చుని ఆ దిబ్బ చూస్తుంటే నాకు ఉండబట్టలేదు.

"మాచెర్ల నుంచి ఎవణ్ణన్నా పిలిపించి ఒక రాయి చెక్కిస్తా. నువ్వేం చెయ్యి పెట్టక్కర్లా," అన్నాను.

జీనత్ కుంచె కిరసనాయిల్లో కడుగుతోంది. తలెత్తకుండానే అంది.

"వాడికి మాత్రం ఊపిరి లేదంట్రా?"